కింది వరుస

నా పై పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కింది పళ్లు ఎప్పటిలాగే గోధుమ రంగులో ఉన్నాయి. ఆ నోటితోనే జహీరాబాద్ ట్రాక్టర్ల షోరూంలో ఉద్యోగం అడగడానికి మళ్లీ వెళ్లాను.

మేనేజర్ హరికృష్ణ సార్ చూసి నవ్వాడు. "ఏందిరా, సగమే సున్నమేయించినవ్? కిందివి గూడ తెల్లగ చేయించుకొని రా. అప్పుడే నౌకరీ."

"చేయించుకోను సార్. పంటి లోపల పాణమున్న కండ ఉంటదట. పళ్లు తెల్లగ చేసే మందు దాని దాక దిగింది. చల్ల నీళ్లు తాగితే నెత్తి దాక గుంజుతున్నది. మీరు చెప్పిన్రని పైవి చేయించిన. ఇగ కిందివి గిట్లనే ఉంటయ్."

"గుట్కా తింటవని రైతులు అనుకుంటర్రా."

"అట్ల అనుకునేది మీరొక్కరే సార్. ఇది బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ మరక. రైతులకు ఎర్కే."

సార్ నన్ను బయటికి పొమ్మని తలుపు వైపు చెయ్యి చూపించాడు. అప్పుడే ఒక ముసలి రైతు లోపలికి వచ్చాడు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఏదో అడిగాడు. సార్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను పళ్లన్నీ కనిపించేలా నవ్వి, "ఏం కావాలె తాతా?" అన్నాను.

ఆయన నా నోటి వైపు చూసి తువ్వాల తీశాడు. ఆయన పళ్లదీ నా కింది వరుస రంగే. బండి డీజిల్ ఎంత తాగుతుందో సార్‌ను కాదు, నన్ను అడిగాడు. సార్ మెల్లగా నేను కూర్చోడానికి ఒక కుర్చీ జరిపాడు.

వెళ్లేముందు ముసలాయన జాలిగా అన్నాడు, "గింత చిన్న వయసుల పైవన్ని ఎట్ల ఊడినయ్ బిడ్డా? కట్టుడు పళ్లు పెట్టించుకున్నవ్."

"ఊడలే తాతా. అవి గూడ నాయే. ఇంకా నొస్తున్నయ్."