ముంబయి వాళ్ల డబ్బు

"కారు కదలనివ్వకండి! ముందు అద్దం దించమనండి!" వశరాంభాయి గేటుకి అడ్డంగా నిలబడి అరిచాడు.

రాజ్‌కోట్ శివార్లలోని ఆ పంపుల కంపెనీలో పొద్దున్నే కాగితం అంటించారు. నెలాఖరుకి ఫౌండ్రీ మూత. అందులో పనిచేసే నలభై మందీ ఇంటికి. ఇరవై ఏళ్లు నిప్పుల ముందు నిలబడి ఇనుము కరిగించి పోసినవాళ్లకి ఇదీ మర్యాద!

యజమాని మనహర్ సేఠ్ చేతులెత్తేశాడు. "నన్నేం చేయమంటారు? మన షేర్లు కుప్పలుగా కొన్న మ్యూచువల్ ఫండు ఒకటుంది. నష్టాల ఫౌండ్రీ మూయకపోతే మొత్తం అమ్మి పారేస్తామంటున్నారు. వాళ్లు అమ్మితే కంపెనీయే మునుగుతుంది."

ఏ ఫండో మాత్రం చెప్పలేదు. ఆ ఫండు మనిషి ఇవాళే వస్తోందని నోరు జారాడు. అంతే, వశరాంభాయి అన్నం డబ్బాతో సహా గేటు ముందు బైఠాయించాడు.

ఫౌండ్రీలో అతనంటే తోటి పనివాళ్లందరికీ గురి. కరెంటాఫీసుకైనా, బ్యాంకుకైనా అతను ఉత్తరం రాశాడంటే పని జరిగి తీరాల్సిందే. ఏ ఉత్తరానికైనా చివరి వాక్యం ఒకటే: "జవాబు రాకపోతే నేనే డబ్బా కట్టుకుని వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను." అతను రాసింది చదివి వినిపిస్తుంటే, ఆ చివరి ముక్క ఫౌండ్రీ అంతా కలిసి అందుకుంటుంది.

కారు అద్దం దిగింది. లోపల ఋజుతా ఝవేరీ, ఫండు ఉద్యోగిని.

"ఏం బెన్, చెల్లెలివై ఉండి మా పొట్ట కొట్టడానికి విమానం ఎక్కి వచ్చావా?" అన్నాడు పోత పని చేసే కర్సన్. "వచ్చావుగా, నాలుగు శనగపిండి గాఠియా తిని పో. వచ్చే నెల మాకే ఉండదు."

"సిగ్గులేని డబ్బు!" వశరాంభాయి ఉమ్మేశాడు. "ముంబయిలో ఏసీలో కూర్చుని మా మెడలు కోస్తారా?"

ఆమెకీ ఒళ్లు మండింది. తలుపు తోసుకుని దిగింది.

"ముంబయి వాళ్ల డబ్బని ఎవరు చెప్పారు భాయి? చిన్న కంపెనీల్లో, మధ్య రకం కంపెనీల్లో పెట్టమని మీలాంటి జనం ఇచ్చిందే. లాభం కాస్త తగ్గితే మమ్మల్ని బతకనిస్తారా? ఒకాయనైతే ప్రతి సోమవారం ఉత్తరం. వినండి!"

సంచీలోంచి కాగితం తీసి, పేరున్న చోటు మడిచి చదివింది.

"'పదకొండు ఫండ్లు పక్కపక్కన పెట్టి చూసి మీది ఎంచుకున్నాను. మూడేళ్లకే మా బావమరిది ఫండు మిమ్మల్ని దాటిపోయింది. నిద్రపోతున్నారా? మీరు కొన్న కంపెనీల్లో తిండి దండగ విభాగాలు ఎన్ని లేవు? మెడ మీద కూర్చుని మూయించండి!'"

"ఎవడా దౌర్భాగ్యుడు?" కర్సన్ ఊగిపోయాడు. "పేరు చెప్పు బెన్, వాణ్ణి కరిగించి పంపులు పోస్తాం!"

"చాల్లే, ఇక చదవొద్దు," అన్నాడు వశరాంభాయి. పొద్దుట్నుంచీ అరిచిన గొంతు బొంగురుపోయింది. "కారు తిప్పుకుని వెళ్లిపో."

"ఎందుకు చదవొద్దు? మొత్తం వినాల్సిందే!" అందరూ ఒక్కటే గోల.

ఋజుతా మిగిలిన ఒక్క వాక్యం మొదలుపెట్టి, "'జవాబు రాకపోతే నేనే డబ్బా కట్టుకుని...'" అనేసరికి, ముప్పై తొమ్మిది మందీ మిగతాది అలవాటుగా అందుకుని, సగంలో ఆగి, వశరాంభాయి వైపు తిరిగారు.