కొమురవ్వ అడుగు

పాట సగంలో ఆగిపోయింది. మైకులో జడ్జి రసీలాబెన్ గొంతు వినిపించింది.

"ఈ పిల్లలకు గర్బా నేర్పిన టీచర్ ఎవరు? ఒకసారి వేదిక దగ్గరికి రండి."

మైదానంలో గుండ్రంగా నిలబడ్డ పిల్లలందరూ వినోద వైపు చూశారు. వినోద అత్తగారి వైపు చూసింది. పిల్లల చెప్పులకూ నీళ్ల సీసాలకూ కాపలా కూర్చున్న కొమురవ్వ మాత్రం తాపీగా వక్క నములుతోంది.

"దొరికిపోయినం అత్తమ్మా!"

"ఏం దొంగతనం చేసినమని?"

"మీ అడుగే. గర్బాల బతుకమ్మ అడుగు పెట్టినమని ఆమె కనిపెట్టింది. వేరే ఆటలు కలిపితే పోటీల నుంచి తీసేస్తరు."

"నా అడుగేంది?" అంది కొమురవ్వ.

జవాబు చెప్పే తీరిక వినోదకు లేదు.

సూరత్‌లోని బమ్రోలిలో, తెలంగాణ నుంచి వలస వచ్చిన మరమగ్గాల కార్మికుడి ఇంట పుట్టిన వినోదకు నడకతో పాటే గర్బా వచ్చింది. నవరాత్రులు వస్తే చాలు, ఏ మైదానంలో పోటీ ఉంటే అక్కడ వీపుకు నంబరు కట్టుకొని దిగిపోయేది. ఒకసారి చూసిన అడుగును ఆమె కాళ్లు మరిచిపోయేవి కావు. బహుమతులుగా వచ్చిన టిఫిన్ క్యారియర్లు, గోడ గడియారాలు, కుక్కర్లు ఇంట్లో ఎంతగా పేరుకుపోయాయంటే, కొత్త కాపురానికి గిన్నె కొనాల్సిన పని లేకపోయింది. గోడలు చాలక రెండు గడియారాలు మంచం కిందే టైము చూపించేవి.

పెళ్లయ్యాక పోటీలు మానేసి, అదే బమ్రోలిలో సొసైటీ హాలు తీసుకొని క్లాసు పెట్టింది. ఆడటం కన్నా నేర్పడం కష్టమని అప్పుడే తెలిసింది. తన కాళ్లు తన మాట వినేవి. పిల్లల కాళ్లు పిల్లల మాటే వినవు. పైగా ఊళ్లో ప్రతి క్లాసూ అవే ఫోను వీడియోలు చూసి అవే అడుగులు నేర్పుతోంది. హాలు వ్యవహారాలు చూసే శ్యాంసుందర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఈ పోటీల ఏదన్న బహుమతి తెస్తే హాలు నీదే చెల్లె. లేకుంటే దీపావళి సంది యోగావాళ్లకు ఇస్తం. వాళ్లయితే చప్పుడు గూడ చెయ్యరు."

ఆ దిగులులో ఉండగానే ఒక సాయంత్రం కొమురవ్వ హాలుకు వచ్చింది. పిల్లలు చెయ్యి పట్టి లాగితే కాదనలేక, సొంతూళ్లో బతుకమ్మ ఆడినట్టే చప్పట్లు కొడుతూ వాళ్లతో ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టులోనే ఒకచోట చటుక్కున ఆగి, ఎడమవైపు ఒరిగి, చెయ్యి కిందికి జార్చి, క్షణం అలాగే నిలిచి, గిర్రున తిరిగి మళ్లీ నడిచింది.

వినోదకు ఒళ్లు జలదరించింది. ఇలాంటిది ఏ ఫోనులోనూ లేదు.

"అత్తమ్మా, మళ్లొకసారి చెయ్యుండ్రి!"

"మళ్లా మళ్లా అయితదా గది?" అంటూ కొమురవ్వ బెంచీ మీద కూలబడింది.

సొంతూరి విద్యను ఎవరైనా అంత తేలిగ్గా పంచుతారా అని వినోద సరిపెట్టుకుంది. ఒకసారి చూసింది చాలు. వారం తిరిగేసరికి ఆ అడుగును పిల్లలందరి కాళ్లకూ ఎక్కించింది.

ఇప్పుడు అదే కొంప ముంచేలా ఉంది.

వేదిక మీద రసీలాబెన్ కళ్లజోడు పైనుంచి చూస్తోంది. తలపండిన గర్బా గురువు. ఆమె ఊఁ అంటే బహుమతి, ఉహూఁ అంటే ఇంటికి.

"ఆగి, ఒరిగి, తిరిగే ఆ అడుగు ఎక్కడిది బేటా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ వెనక పిల్లలు వింటున్నారు.

"మా అత్తగారిది, బెన్. వాళ్లది కరీంనగర్ వైపు. అక్కడి బతుకమ్మలోది. కలిపింది నేను, పిల్లల తప్పేం లేదు," అంది వినోద గుజరాతీలో, ఒక్క గుక్కలో.

రసీలాబెన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు కాదు, కళ్లు.

"కాఠియావాడ్‌లో మా అమ్మమ్మ అచ్చం ఇలాగే ఆడేది. నాకు ఊహ తెలిసేసరికే ఆమెకు ఎనభై దాటాయి. ఆ వయసులోనూ ప్రతి చుట్టులో ఇలా ఆగేది, ఒరిగేది, తిరిగేది. ఆ అడుగు ఆమెతోనే పోయిందనుకున్నాను."

"అయితే మమ్మల్ని తీసెయ్యరా?"

"తీసెయ్యడమా!"

రసీలాబెన్ మైకు అందుకుంది. మధ్యలో ఉన్న అమ్మవారి దీపానికి వంగి మొక్కడమే ఆ అడుగు అంతరార్థమట. తల్లి ఒక్కతే కాబట్టి కాఠియావాడ్‌లోనైనా కరీంనగర్‌లోనైనా అడుగు ఒక్కటేనట. పక్కనున్న జడ్జీలు తలలూపారు. ఒకాయన రాసుకున్నాడు కూడా.

మొదటి బహుమతి వినోద పిల్లలకే వచ్చింది. మైదానం దాటకముందే శ్యాంసుందర్ ఫోను చేశాడు. "హాలు నీదే చెల్లె. ఎంత చప్పుడన్న చేసుకో!"

పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరిని వినోద ఆటోలో కూర్చున్నాకే వదిలింది. ట్రోఫీని అత్తగారి ఒళ్లో పెట్టింది.

"ఆదివారం రసీలాబెన్ మనింటికి వస్తరట అత్తమ్మా. మీ దగ్గర ఆ అడుగు నేర్చుకుంటరట."

"నా దగ్గరనా?"

"మరి మీదే కదా! ఇంతకూ మీకెవరు నేర్పిండ్రు? మీ అవ్వనా?"

కోడలు పరాచికం ఆడుతోందేమోనని కొమురవ్వ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది.

"గది అడుగు గాదు బిడ్డా, ఆ పొద్దు నా మోకాలు పట్టేసింది."