పెద్దమనుషుల వాదన

"వాళ్లొచ్చేలోపు ఆ ముఖం కాస్త మామూలుగా పెట్టు," అన్నాడు లేత్ మేస్త్రి భార్యతో.

ఆమె సోఫా మీది గుడ్డను మళ్లీ సర్దింది. మందుల షాపాయన్ని ఇంటికి పిలుద్దామని మేస్త్రి ఎప్పటినుంచో అంటున్నాడు. మోకాళ్ల నొప్పులనీ, గోడలకు రంగులు వేయించాలనీ వంక పెట్టి ఆమే దాటేస్తూ వచ్చింది. చూడకుండా కుదిరిన స్నేహం ఎదురుపడితే ఎక్కడ చెడుతుందోనని ఆమె భయం.

ఆ స్నేహం మహమ్మారి రోజులది. అందరూ తలుపులు మూసుకున్న ఆ కాలంలో చుట్టుపక్కల ఊళ్ల జనం ఫోన్లలో ఒక గ్రూపుగా చేరి ఒకరినొకరు చెండాడుకునేవారు. టీకా వద్దంటే వద్దని మేస్త్రి, వేయించుకోవాల్సిందేనని మందుల షాపాయన. మేస్త్రి మొద్దు వేళ్లకు ఫోను లొంగేది కాదు. ఆయన చెబితే భార్య టైపు చేసేది, జవాబు వస్తే చదివి వినిపించేది. మిషన్ల హోరులో బతికిన గొంతు కదా, ఆయన చెబుతున్నంతసేపూ పక్కింటివాళ్లు కిటికీ మూసుకునేవారు. ఎంత భయంలో గడిచినా, ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రాలే బాగున్నాయనిపిస్తుంది ఆమెకు. ఇద్దరూ ఒకే ఫోను మీదికి వంగి, చేతిలో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూర్చునేవారు.

గేటు దగ్గర ఎవరో టాక్సీ అతన్ని ఎడాపెడా తిడుతున్నారు. "నెమ్మది, లోపలికి వినబడుతుంది," అంటోంది ఒక ఆడగొంతు.

మందుల షాపాయన, ఆయన భార్య లోపలికి వచ్చారు. గడప దగ్గర ఆయన తడబడితే ఆవిడ చెయ్యి పట్టుకుంది. చూపు మందగించి చాలా ఏళ్లయిందట, ఫోను పనులన్నీ ఆవిడే చూస్తుందట. మగవాళ్లిద్దరూ చిన్ననాటి నేస్తాల్లా పక్కపక్కనే కూర్చుని పాత రోజులు తవ్వుకోసాగారు.

"'తమరి మాట కాదంటున్నందుకు మన్నించాలి' అని మొదలుపెట్టేవారు చూడండి, దాంతో నా కోపం సగం దిగిపోయేది," అన్నాడు మందుల షాపాయన.

మేస్త్రి తెల్లబోయాడు. అయినా పొగడ్త ఎవరికి చేదు? "ఏదో, పెద్దల పెంపకం," అన్నాడు. అంతలోనే షాపాయన చెయ్యి పట్టుకున్నాడు. "మీరు మాత్రం? 'అన్నగారూ, మీరు లేకపోతే ఈ గ్రూపులో నాతో వాదించేదెవరు? నాకోసమైనా వేయించుకోండి' అన్నారు. ఆ మాట కాదనలేకే వెళ్లి వేయించుకున్నాను. ఆ తర్వాతే జబ్బు అంటుకుంది. ఈవేళ మీ ముందు కూర్చున్నానంటే మీ మర్యాద వల్లే."

మందుల షాపాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనా... అనే ఉంటాను లెండి," అన్నాడు.

మేస్త్రి భార్య చటుక్కున లేచి, టీ పెడతానంటూ వంటింట్లోకి నడిచింది. వెనకే ఆవిడా వచ్చింది. కళ్లెదుట ఉన్న చక్కెర డబ్బా కోసం మేస్త్రి భార్య అలమరా అంతా వెతుకుతోంది. ముందు గదిలోంచి ఇద్దరు మగవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

ఆవిడ వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నేనైతే మావారు చెప్పింది ఒక్క ముక్కా టైపు చేయలేదు వదినగారూ, మరి మీరో?"