తీగ కట్టిన నిమ్మకాయ

ఆయుధ పూజ మర్నాడు పొద్దున ఏడింటికి, తిరుపతి బస్టాండు ఎదుట దొరస్వామి హోటల్లో ఒక మనిషిని చావగొట్టారు.

ముందు కాఫీ మిషను సంగతి చెప్పాలి.

ఊళ్లోకి కొత్తగా దిగిన ఎక్స్‌ప్రెసో మిషన్లలో అదొకటి. పెద్ద రాగి బాయిలరు, కింద గ్యాసు మంట, ముందు ఆవిరి ఎంత పట్టిందో చూపే మీటరు, నెత్తిన సేఫ్టీ వాల్వు. ఆవిరి ఎక్కువైతే ఆ వాల్వు దానంతటదే లేచి, బుస్సుమని వదిలేస్తుంది.

పూజనాడు కాఫీ మాస్టరు మునిరామయ్య మిషనంతా గంధం పూసి, కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా నెత్తిన నిమ్మకాయ పెట్టాడు. అది దొర్లిపోతోందని కట్టుతీగతో వాల్వుకు కలిపి నాలుగు చుట్లు బిగించాడు.

పూజ చేసిన పనిముట్టును మర్నాడు మళ్లీ పూజ చేసేదాకా వాడకూడదు. అలంకారం తియ్యకూడదు. యాత్రికుల బస్సులు వచ్చి ఆగేసరికి దొరస్వామి మొదటి నియమాన్ని గాలికొదిలేశాడు. రెండోదాన్ని మాత్రం మహా నిష్ఠగా పాటించాడు. నష్టం లేని భక్తికి మనం ఎప్పుడూ వెనకాడం.

మిషనుకు దగ్గరి బెంచీ మీద, తలకు తువ్వాలు చుట్టుకున్న యాభై ఏళ్ల మనిషి ఒకడు కాఫీ కోసం కూర్చున్నాడు.

అతని చూపు మీటరు మీద పడింది. ముల్లు ఎర్రగీత దాటిపోయింది. వాల్వు మాత్రం లేవలేదు.

అతను దిగ్గున లేచాడు.

"లెయ్యండి! బయటికి పొండి అందురూ!"

హోటలంతా అదిరేలా అరిచాడు. పక్కన చంటిబిడ్డతో కూర్చున్నామెను భుజం పట్టి లేపి వీధివైపు తోశాడు. ఆమె కెవ్వుమంది.

"ఎవుర్రా నువ్వు? ఆడమనిషి మింద చెయ్యేస్తావా?" దొరస్వామి గల్లా పెట్టె దగ్గర నుంచి లేచాడు.

అతను మిషను ముందున్న బల్ల ఎక్కి అవతలికి దూకాడు. గ్యాసు ఆపబోతే మునిరామయ్య అడ్డం నిలబడ్డాడు. అతను వాణ్ని పక్కకు నెట్టి, పైకి చెయ్యి చాచి నిమ్మకాయ పట్టుకుని లాగాడు.

"అన్నా, పూజ చేసిన నిమ్మకాయ పెరుకుతా ఉండాడు!"

అంతే. దొరస్వామి చేతికందిన ఇనప గరిటె అతని నెత్తిన దిగింది.

"యాడోనివిరా? ఎవురు పంపించినారు నిన్ను?"

రెండో దెబ్బకు తువ్వాలు ఎర్రబడింది.

"అడిగితే పలకవేం? నోట్లో నాలిక లేదా?"

అతను వాళ్ల వైపు చూడనైనా చూడలేదు. కళ్లు మీటరు మీదే ఉన్నాయి.

"ఎంత పొగరో సూడండప్పా వీనికి!"

సర్వర్లిద్దరు అతని కుడిచెయ్యి వెనక్కి విరిచారు. ఎముక విరిగిన చప్పుడు బెంచీల దాకా వినిపించింది. గావుకేక పెట్టాడు గానీ ఎడమచేత్తో తీగ వదల్లేదు. వేళ్లు తెగి రక్తం కారుతుండగా గుంజాడు.

తీగ తెగింది. వాల్వు ఎగిరింది. ఆవిరంతా అతని ముఖాన, రొమ్మున కొట్టింది.

"మిషను పగలగొట్టేసినాడురా!"

వీధిలోకి ఈడ్చారు. కడుపులో తన్నారు. స్వామి దర్శనానికని గోవిందలు కొడుతూ వచ్చినవాళ్లు కూడా తలా ఒకటి వేశారు. ధర్మదెబ్బలు కదా, ఎవడూ వదులుకోడు.

లోపల మునిరామయ్య ఒక్కడే మిగిలాడు. మీటరు చూశాడు, తెగిన తీగ చూశాడు.

"అన్నా..." అంటూ బయటికి వచ్చాడు. "ముల్లు కడాకు పోయి, ఇప్పుడు దిగొస్తా ఉండాది. వాల్వును తీగేసి కట్టింది నేనేన్నా. ఇంకొక నిమిషం ఉండుంటే బాయిలరు పేలిపొయ్యేది."

దొరస్వామి హోటల్లోకి చూశాడు. ఇందాకటిదాకా నలభై మంది కూర్చున్న బెంచీలు. గడప పక్కన తల్లి చంకలో ఇంకా ఏడుస్తున్న చంటిబిడ్డ.

"కొట్టొద్దండ్రా! నిలపండ్రా!"

అప్పటికే ఆ మనిషిలో కదలిక లేదు.

పెద్దాసుపత్రికి మోసుకుపోయారు. మధ్యాహ్నం ప్రాణం పోయింది.

జేబులో దొరికిన కార్డుముక్క మీది చిరునామా పట్టుకుని పుత్తూరుకు మనిషిని పంపితే, సాయంత్రానికి అతని భార్య తాయమ్మ వచ్చింది.

దొరస్వామి ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఏదీ దాచకుండా అంతా చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"తప్పే తల్లీ, నన్ను ఉరి తీసినా తప్పు లేదు. కానీ ఎవురు నువ్వు, ఏంది కథ అని గొంతు సించుకుని అడిగినాం. ఒక్క మాట చెప్పుంటే చెయ్యెత్తే వాళ్లమే కాదు."

పోయినవాడి మీద కాస్తయినా తప్పు మోపకపోతే ఉన్నవాడికి ముద్ద దిగదు మరి.

తాయమ్మ భర్త ముఖం మీద గుడ్డ సరిచేసింది.

"ఆయనకు ఇనపడదు నాయనా," అంది. "పుత్తూర్లో మాకూ ఇట్లాంటి హోటలే ఉండె. కాఫీ మిషను పేలిన దినం ఆయనకు చెవులు పోయినాయి, దాని పక్కన నిలబడుండిన మా ఇద్దురు బిడ్డలూ పోయినారు."