గాజు పడవలో పగడాలు

పెళ్లి పారాణి ఆరకముందే మైథిలి, శశాంక్ ప్రపంచ వింతల యాత్రకు బయలుదేరారు. హోటల్ వాళ్లు దిండు మీద పెట్టి వెళ్లే చాక్లెట్ ముక్కకే మురిసిపోయే మైథిలికి కాళ్లు నేల మీద ఆనడం లేదు. దిగిన ప్రతిచోటా గైడు అందరికీ కళ్లద్దాలు పంచేది. ఏ వింతనైనా అవి పెట్టుకునే చూడాలన్నది షరతు.

ఆ రోజు గాజు అడుగున్న పడవలో పగడాల తోటల మీదుగా తిరుగుతున్నారు. కింద ఎర్రని కొమ్మల మధ్య పసుపు చేపలు గుంపులుగా ఆడుతున్నాయి. కాటుక కరిగి కన్ను మండడంతో మైథిలి అద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలు లేకుండానే మళ్లీ కిందికి చూస్తే కొమ్మలూ లేవు, చేపలూ లేవు. కనుచూపు మేర బూడిదరంగు దిబ్బలు పరుచుకుని ఉన్నాయి.

"ఆ చారల చేప కనిపించిందా?" అన్నాడు పక్కనే ఉన్న శశాంక్ సంబరంగా.

చిన్నప్పటి నుంచి ఈ తోటలు చూడాలని కలలుగన్న మనిషి. అతని ఆనందం పాడుచేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పెళ్లిలో మిట్టమధ్యాహ్నం పురోహితుడు అరుంధతిని చూపించినప్పుడు తలూపినట్టే ఇప్పుడూ తలూపింది.

"కనిపించిందండీ. భలే ఉంది," అంటూ అతని వైపు తిరిగింది.

శశాంక్ అద్దాలు అతని ఒళ్లో ఉన్నాయి.

"ఎప్పటి నుంచి పెట్టుకోవడం లేదు?" అంది మెల్లగా.

"పిరమిడ్ల దగ్గర్నుంచి. నువ్వంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు."

మైథిలి తలెత్తి పడవంతా చూసింది. చాలామంది అద్దాలు ఒళ్లోనే ఉన్నాయి. అయినా అందరూ ఆ బూడిదలోకి వేళ్లు చూపిస్తూ, ఒకరికొకరు చేపల రంగులు చెప్పుకుంటున్నారు.