మైసయ్య సిద్ధాంతం

తన పరిశోధనను దొంగిలిస్తున్నారని అనిల్ కుమార్‌కు మూడోసారి రుజువు దొరికింది. దొంగ ఎవరో తెలుసు. ఎలా పట్టుకోవాలన్నదే తెలియడం లేదు.

అతను జమ్మికుంటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతూ, కరీంనగర్‌లోని ఒక బిజినెస్ స్కూల్లో ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. సబ్జెక్టు స్ట్రాటెజిక్ మేనేజ్‌మెంట్. పత్తి మార్కెట్లో చిన్న వ్యాపారులు పెద్ద కంపెనీల పోటీని ఎలా తట్టుకుంటారన్నది అంశం. అతని అధ్యాయాలు చదివే మనిషి ప్రపంచంలో ఒక్కరే, గైడ్ జలపతిరావు.

ప్రతిసారీ ఒకటే తంతు. జలపతిరావు అధ్యాయం తీసుకుంటారు. నెల తర్వాత ఎర్ర సిరాతో ‘పస లేదు’ అని రాసి తిప్పి ఇస్తారు. ఆర్నెల్లకు అదే పస లేని సరుకు ఏదో ఒక జర్నల్లో ఆయన పేరుతో అచ్చవుతుంది. అడిగితే, ఇద్దరు గొప్పవాళ్లకు ఒకే ఆలోచన రావచ్చునంటూ, అనిల్‌ను కూడా గొప్పవాళ్లలో కలిపేసి నోరు మూయించేవారు.

అందుకే నాలుగో అధ్యాయంలో అనిల్ ఉచ్చు పన్నాడు. లేని సిద్ధాంతం ఒకటి పుట్టించి మధ్యలో ఇరికించాలి. లేని పండితుడి పేరు దానికి తగిలించాలి. కాపీ కొట్టిన మనిషి ఆ పేరుతో సహా దొరికిపోతాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి అరుగు మీద కూర్చుని రాశాడు. కొనేవాళ్లు ముగ్గురుంటే ఇద్దరు పోటీపడి అరుస్తారు, ధర మాత్రం నోరు విప్పని మూడోవాడే నిర్ణయిస్తాడు. సిద్ధాంతం ఇట్టే వచ్చేసింది. తన తెలివికి తనకే ముచ్చటేసింది. పండితుడి పేరు దగ్గర మాత్రం కాసేపు కలం ఆగింది. ఎదురుగా మంచం మీద బాపు మైసయ్య పల్లీలు ఒలుచుకుంటున్నాడు. మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు పత్తి తూచిన దడ్వాయి. చదువు మూడో తరగతి. అనిల్ నవ్వుకుని ‘ప్రొఫెసర్ మైసయ్య, పుణె, 1987’ అని రాసేశాడు.

జలపతిరావు ఈసారీ ‘పస లేదు’ అన్నారు. ఐదు నెలలకు జర్నల్ వచ్చింది. ‘మైసయ్య సిద్ధాంతం: ఒక పునఃపరిశీలన’. రచయిత జలపతిరావు.

అనిల్ జర్నల్ పట్టుకుని నేరుగా డైరెక్టర్ నిర్మలాదేవి గదికి వెళ్లాడు. ఆవిడ గైడ్‌ను కూడా పిలిపించి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ప్రొఫెసర్ మైసయ్య అనే మనిషి ఈ భూమ్మీద లేడని, అది తన తండ్రి పేరని, దొంగను పట్టడానికి వేసిన ఎర అని అనిల్ చెప్పాడు.

జలపతిరావు ముఖం పాలిపోయింది. అదీ ఒక్క క్షణమే.

“పెద్దమనిషిని పట్టుకొని లేడంటవేంది అనిల్? పుణె సెమినార్ల నేను ఆయన పక్కన కూసొని భోజనం చేసిన,” అన్నారు.

అంతటితో ఆగలేదు. మైసయ్య గారు సన్నగా, పొడుగ్గా ఉంటారనీ, ఉప్పు తక్కువ తింటారనీ చెప్పారు. ఆ సిద్ధాంతం ఆయన నోటే విన్నానని, తన దగ్గర విని అనిలే కాజేశాడని ఎదురు ఫిర్యాదు చేశారు.

నిర్మలాదేవి ఇద్దరి మాటా నమ్మలేదు. అబద్ధం ఎవరిదని తేలితే వాళ్లకు ఈ స్కూల్లో చోటు లేదన్నారు. మర్నాడు పదకొండింటికి తండ్రిని తీసుకురమ్మని అనిల్‌కు చెప్పారు.

కరీంనగర్ బస్సులో దారి పొడుగునా అనిల్ తండ్రికి ఒకటే పాఠం చెప్పాడు. పుణె సంగతి అడిగితే ఉన్నది చెప్పాలి, తక్కిన వాటన్నిటికీ తెలియదనాలి. మైసయ్య సరేనని తల ఊపాడు.

ఉతికిన ధోవతి, ఇస్త్రీ చొక్కాతో గదిలోకి వచ్చిన మైసయ్య పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. జలపతిరావు కిటికీలోంచి పార్కింగ్ వైపు చూడసాగారు. పుణె ఎప్పుడైనా వెళ్లారా అని డైరెక్టర్ అడిగితే, రైల్లో బల్లార్షా దాకా పోయి వచ్చానని, అంతకు మించి దాటలేదని పెద్దాయన వినయంగా చెప్పాడు.

జలపతిరావు కథ అక్కడితో ముగిసింది. ఆయన మీద విచారణకు నిర్మలాదేవి కాగితం మీద సంతకం పెట్టారు. ఆరేళ్ల బరువు దిగిపోయినట్టయింది అనిల్‌కు.

ఫైలు మూసేముందు ఆవిడ ఇంగ్లీషులో ఉన్న సిద్ధాంతాన్ని మైసయ్యకు తెలుగులో చెప్పి, ఇది ఎక్కడైనా విన్నారా అని మాటవరసకు అడిగారు. తెలియదనమన్నట్టు అనిల్, తండ్రి వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. మైసయ్య మాత్రం మేడం వైపే చూస్తున్నాడు.

“గిది జర తప్పు రాసిండ్రు మేడం. మూడో సేటు ఊకె కూసోడు. చాయ్ తాగొస్తనని లేసి పోతడు. రైతు పరేషాన్ అయితడు. గప్పుడు ధర పడతది.”

డైరెక్టర్ కళ్లజోడు సర్దుకున్నారు. ఫైల్లోంచి మొదటి అధ్యాయం తీసి కొంత తెలుగులో వినిపించారు. తర్వాత రెండోది, మూడోది. మైసయ్య ఒక్కో సంగతికీ తల ఊపుతూ, ఒకచోట ఆ వ్యాపారి పేరు, ఇంకోచోట అది జరిగిన సంవత్సరం కూడా చెప్పాడు. జలపతిరావు కిటికీ దగ్గర్నుంచి మెల్లగా ఇటు తిరిగారు.

బస్సుకు ఆలస్యమవుతోందంటూ అనిల్ లేచి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. మైసయ్య లేవలేదు. కొడుకు వైపు తిరిగి నింపాదిగా అడిగాడు.

“గివన్ని బువ్వ తినేటప్పుడు నేను చెప్పిన ముచ్చట్లే గద కొడుకా, మరి నా పేరు గీ ఒక్కదానికే ఎందుకు పెట్టినవ్?”