చుట్టాలకి తెలిసిన ఇల్లు

వీధి మలుపులో కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ఎవరో ముసలాయన మైదా జిగురు పూసి తెల్లకాగితం అంటిస్తున్నాడు.

దీవెన ఆగిపోయింది. ఆమె చంకలో ఏడాది కూతురు హన్నా. ఫ్లెక్సీ నిండా కూడా హన్నాయే.

"ఏం చేస్తున్నారండీ?"

"పాప బంగారుబొమ్మలా ఉందమ్మా. మొహం జోలికి పోలేదు. కిందున్న డోరు నంబరు, ఫోన్ నంబరు మూసేస్తున్నా, అంతే."

"ప్రార్థన కూడికకి మా చుట్టాలు రావద్దా?"

"చుట్టాలకి ఇల్లు తెలుసు కదా, తల్లీ."

నవ్వుతూ హన్నా బుగ్గ తాకబోయాడు. దీవెన రెండడుగులు వెనక్కి వేసింది.

ఆయన అటు తిరగ్గానే ఫొటో తీసింది. 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాడిలా ఉన్నాడు, జాగ్రత్త' అని రాసి కాలనీ గ్రూపులో పెట్టేసింది.

సాయంత్రానికి ఆ ఫొటో భవానీపురం దాటి, మంగళగిరి చుట్టి, ఆటోనగర్ షెడ్డులో పనిచేసే ఆమె భర్త సురేష్ ఫోన్‌కే వచ్చి చేరింది.

"మంచి పని చేశావ్," అన్నాడు సురేష్.

ముసలాయన మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు.

నాలుగో రోజు ఒకావిడ తలుపు తట్టింది.

"నా పేరు శివపార్వతి అండీ. మీరు గ్రూపులో పెట్టిన ఫొటో మా నాన్నది."

దీవెన బిత్తరపోయింది. "మా ఇల్లెలా తెలిసింది?"

"ఫ్లెక్సీ మీద నాన్న అంటించిన కాగితం ఎత్తి చూశా."

దీవెన వెంటనే గ్రూపులోంచి ఆ ఫొటో తీసేసింది.

"మీరు తీశారు. మిగతా ఫోన్లలోంచి ఎవరు తీస్తారండీ? స్టేషన్‌కెళ్తే, 'ఇలాంటివాటికి చట్టం వచ్చిందమ్మా, కానీ ఇన్ని చేతులు మారాక ఎవర్ని పట్టుకోమంటావ్' అన్నారు. మొన్న నాన్న పాలకెళ్తే జనం చుట్టుముట్టారంట. అప్పట్నించి గడప దాటట్లేదు."

"అసలు ఊళ్ళోవాళ్ళ ఫ్లెక్సీలతో ఆయనకేం పనండీ?" అడిగింది దీవెన.

శివపార్వతి తన ఫోన్ చేతికిచ్చింది. 'ఈ పాప తప్పిపోయింది. కనబడితే కింది నంబరుకి చెప్పండి.'

"ఎవడో ఆకతాయి రెండేళ్ళ కిందట వదిలాడు. ఇంకా తిరుగుతానే ఉంది. మా అమ్మాయి భానుశ్రీ మాతోనే ఉంది. ఇప్పటికీ బస్సెక్కితే ఎవరో ఒకరు దాని చెయ్యి పట్టుకుని దింపేస్తారు."

ఆ మెసేజ్‌లో ఉన్నది ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ ఫొటో. పాప పక్కన కొత్తచొక్కా వేసుకుని, చేతులు జోడించి నవ్వుతున్నాడా ముసలాయన. డోరు నంబరు, ఫోన్ నంబరుల కింద పెద్దక్షరాలతో ఉంది: 'అందరూ ఆహ్వానితులే. ఇట్లు, తాతయ్య తిరుపతిరావు.'